గొట్టం డాక్టరమ్మ

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో స్వర్గం ఉంది. దేవతలున్నారు. పొగ కమ్మిన ఆకాశంలో వరసగా నిలబడిన వీరులున్నారు. సింహాసనం మీద కూర్చుని, దిగమంటే దిగని ఒక స్త్రీ ఉంది. జూబ్లీ హిల్స్ బండరాళ్ళు పుట్టి ఎన్ని యుగాలైందో గాని, ఇలాంటి ఘట్టాన్ని అవి అంతకు ముందు చూసి ఉండవు.

అప్పుడూ చూడలేదు. తలుపులు మూసి ఉన్నాయి. పైగా అది యుద్ధం కూడా కాదు, ఒక ప్లాస్టిక్ గొట్టంలోకి గాలి ఊదే వ్యవహారం. స్వర్గం థర్మోకోల్‌ది. వీరులు లైట్‌మెన్లు. సింహాసనం మడత కుర్చీ. ఆ స్త్రీ యాభై దాటిన యూనివర్సిటీ లెక్చరరు, టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తెచ్చుకునే మనిషి. ముందే చెప్పేస్తే మంచిదని చెబుతున్నాను. తర్వాత నన్ను అనకూడదు.

పోయిన నెల ఫిల్మ్‌నగర్ పక్కన ఒక స్టూడియోకి వెళ్ళాను. సినిమాల్లో హాస్య సన్నివేశాలు రాసే ఆయనకి సాయం చేసే ఆయనకి నేను సాయం చేస్తుంటాను. సెట్లు వేసే పెద్ద షెడ్డుని అక్కడ ఫ్లోరు అంటారు. భోజనాలకి కాస్త ముందు ఆ ఫ్లోరులో, మేకప్ గది పక్కన స్విచ్‌బోర్డు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న యాదగిరి నన్ను పిలిచాడు. ఒకప్పుడు లైట్‌మన్. నాకు పాత పరిచయం.

"సారూ, మన గొట్టం డాక్టరమ్మ పోయిందంట."

"ఎప్పుడు?"

"నిరుడు ఎండకాలంల. నాకు మొన్ననే ఎరుకైంది. నిద్రల్నే పానం పోయిందంట."

"మూడుసార్లు చూశారా?" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను నవ్వలేదు. కాసేపయ్యాక నాకూ అది జోకు కాదని తెలిసింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను, యాదగిరి అన్నదీ అసలు పేరు కాదు. ఎవరి పేరూ బయటికి రాకూడదన్నది ఆవిడ మొదటి నియమం. ఆ నియమం కోసం ఆవిడ ఎంత దూరం వెళ్ళిందో చూసినవాణ్ణి గనక, ఇప్పుడు పేరు రాస్తే ఎక్కణ్ణుంచో గొడుగు పట్టుకుని వస్తుందేమోనని భయం.

ఎనభైల చివరి రోజులు. నేను డిగ్రీ పాసై, వెంగళరావు నగర్‌లో మా ఇంట్లో ఖాళీగా ఉండడంలో అనుభవం సంపాదిస్తున్నాను. యూనివర్సిటీలో మూడు శాఖలు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి: సినిమా సెట్లలో వేసే పొగ, అక్కడ పనిచేసేవాళ్ళ ఊపిరికి ఏం చేస్తోందని. ప్రజారోగ్య శాఖ గొట్టం ఇచ్చింది. దాంట్లోకి గట్టిగా ఊదితే పక్కనున్న ముల్లు ముందుకు జరుగుతుంది. ఎంత జరిగితే ఊపిరి అంత బాగున్నట్టు. ఇంజనీరింగ్ శాఖ ఒక చెక్కపెట్టె చేసి ఇచ్చింది. అది దోమలా మూలుగుతూ గాలి పీల్చి, అందులో ఉన్న మసిని తెల్లకాగితం మీద పట్టేది. సాంఘిక శాస్త్రాల శాఖ ఒక ప్రశ్నావళి అచ్చేయించింది. అది మాత్రం ఎవరి ఊపిరైనా తీసేంత పొడుగ్గా ఉండేది. ముగ్గురు పెద్దలు సంతకాలు పెట్టారు. కొండ ఎక్కింది ఆవిడ ఒక్కతే. పెట్టె మొయ్యడానికి నేను.

బస్సు మమ్మల్ని చెక్‌పోస్టు దగ్గర దింపేది. అక్కణ్ణుంచి నడక. ఆ ఎత్తులో నడిచేవాళ్ళు మేమిద్దరమే. మిగతావాళ్ళంతా కార్లలో పోయేవాళ్ళు. అమ్మ వేషాలు వేసే ఆవిడ అనుకుని డ్రైవర్లు బండి ఆపి ఎక్కమనేవాళ్ళు. ఆవిడ ఎక్కి, దిగేలోపు ఆ డ్రైవరు నడుం నొప్పి సంగతంతా అడిగి రాసుకునేది. మా పరిశోధన నడుముల గురించి కాదని నేనంటే, "రాసుకుంటే పోయేదేముంది అబ్బాయ్" అనేది.

ఎండైనా వానైనా గొడుగు. గడియారం మణికట్టు లోపలివైపు. రిజిస్టరులో తప్పు పడితే రబ్బరు వాడనిచ్చేది కాదు. ఒకే గీత గీయాలి, కింద ఉన్న తప్పు చదవడానికి వీలుగా ఉండాలి, పక్కన తప్పు చేసినవాడి సంతకం ఉండాలి. "తప్పు కూడా సమాచారమే" అనేది. ఇంకో మాట రోజుకి పదిసార్లు అనేది: "రాసుకో. నచ్చకపోయినా రాసుకో."

మందులిచ్చే డాక్టర్ని కానని ప్రతి మనిషికీ చెప్పేది. విని, తలూపి, "సరే డాక్టరమ్మా, ఈ పన్ను జర చూడరాదు" అని నోరు తెరిచేవాళ్ళు.

మేము వెళ్ళింది ఈ ఫ్లోరుకే. అందులో అప్పుడు స్వర్గం సెట్టు వేశారు. స్వర్గానికి మోకాళ్ళ దాకా పొగ ఉండాలని సినిమావాళ్ళ నమ్మకం. బొగ్గుల మీద సాంబ్రాణి, ఏదో నూనె వేసి పొగ పెట్టి, అది పోకుండా తలుపులు మూసేవాళ్ళు. పొగ మోకాళ్ళ దగ్గర ఎంతసేపుంటుంది? పైకి పోతుంది. పైన, కప్పు కింద వేలాడగట్టిన చెక్కల మీద లైట్లు తిప్పుతూ లైట్‌మెన్లు ఉంటారు. కింద దేవతలకి పొగ అలంకారం. పైవాళ్ళకి అదే గాలి.

యాదగిరిని ఆవిడ మొదటిసారి అడిగింది అచ్చువేసిన ప్రశ్నే.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మెట్లు యాడున్నయమ్మా? నిచ్చెనే."

ఆవిడ 'మెట్లు' కొట్టేసి 'నిచ్చెన' అని రాసి సంతకం పెట్టింది.

"దగ్గు ఉందా?"

"లేదమ్మా" అని దగ్గాడు.

ఆవిడ ఏం రాసిందా అని తొంగిచూశాను. "లేదన్నాడు. దగ్గాడు." అంతే.

ఆ ఫ్లోరులో ఎవడికీ దగ్గు లేదు. దగ్గు ఉందంటే మర్నాడు పిలుపు ఉండదు. అది ప్రశ్నావళి వేసినవాళ్ళకి తెలియదు. ఆవిడకి రెండో రోజే తెలిసింది.

ఇక నా ప్రతిభ సంగతి. ప్రతి మనిషి చేతా మూడుసార్లు ఊదించాలి, మూడు అంకెలూ రాయాలి. ఆవిడకి క్లాసులున్న రెండు రోజులు నేనొక్కణ్ణే వెళ్ళాను. ఒక్కొక్కణ్ణి ఒకసారి ఊదించాను. మిగతా రెండు అంకెలు నేనే సమకూర్చాను, ఒకటి కొంచెం తక్కువ, ఒకటి కొంచెం ఎక్కువ. మరీ ఒకేలా ఉంటే బాగుండదు కదా. అలా దాదాపు అందరి ఊపిరీ రెండు మధ్యాహ్నాల్లో కొలిచేసి, మూడింటికల్లా శ్రీనగర్ కాలనీలో టీ తాగుతున్నాను.

మర్నాడు ఆవిడ రిజిస్టరు తిరగేసింది. చాలాసేపు చూసింది.

"వీళ్ళ ఊపిరి ఇంత తక్కువైతే నిచ్చెన సగంలో ఆగిపోవాలి. ఆగట్లేదు. మూడుసార్లూ ఊదించావా?"

"ఊదించానండీ."

మణికట్టు తిప్పి గడియారం చూసుకుంది. నేను ఇంకేమైనా అంటానని ఎదురుచూసిందేమో. నేను గొడుగు పిడి బాగుందన్నాను.

లోపలికి రానిచ్చినందుకు మొదటి ఫలితాలు ముందుగా సినిమా తీసే కంపెనీకే చెప్పాలన్నది ఒప్పందం. ఆవిడ పేర్లేమీ లేకుండా ఒక పేజీ రాసి పంపింది: పైన పనిచేసే వాళ్ళలో ఎక్కువమందికి ఊపిరి తక్కువగా కనిపిస్తోంది, పొగ బయటికి పోయే ఏర్పాటు చేయాలి. ఆ పేజీని మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చింది నేనే. నాకు అప్పటికి పరిశోధన అంటే కాగితాలనే అభిప్రాయం.

కాగితం ఇచ్చిన రెండో రోజు పొద్దున పదకొండున్నరకి ప్రొడక్షన్ మేనేజరు నవ్వుతూ వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడేవాడు. అందుకే అందరికీ భయం.

"మేడమ్ గారూ, మీ కాగితం మావాళ్ళు చూశారండీ. చాలా మంచి పని చేశారు. ఊపిరి లేని వాళ్ళ పేర్లు కాస్త ఇస్తే, వాళ్ళని రేపట్నించి మార్చేస్తాం. మద్రాసు నించి మనుషులు రెడీగా ఉన్నారు."

"నేను పేర్ల కోసం కొలవలేదండీ."

"మరి దేనికి కొలిచారు?"

"పొగ కోసం."

"పొగ మానలేంగా మేడమ్ గారూ. స్వర్గం కదా. మనుషుల్ని మార్చగలం." ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "హీరో గారు రెండింటికి వస్తారు. ఆలోపు ఆ పుస్తకం ఒకసారి చూపించండి, నేనే రాసుకుంటాను."

సినిమాల్లో ఇలాంటప్పుడు ఉరుము వినిపిస్తుంది. నాకు శ్రీనగర్ కాలనీ టీ గ్లాసుల చప్పుడు వినిపించింది. రెండు మధ్యాహ్నాల టీ కోసం ఇన్ని ఇళ్ళలో పొయ్యి ఆర్పబోతున్నాను.

కబురు నిచ్చెన ఎక్కింది. భోజనానికి విడిచిపెట్టగానే లైట్‌మెన్లంతా దిగి మా చుట్టూ నిలబడ్డారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండుననిపించింది.

"ఏందమ్మా గిది?" అన్నాడు యాదగిరి. "ఊదమంటె ఊదితిమి. గిప్పుడు పనిలకెల్లి తీసేస్తరంట."

ఆవిడ గొట్టం తీసి, అతని పక్కన నిలబడ్డ మనిషికిచ్చింది. మంచి దిట్టమైనవాడు. అతను మర్యాదగా, వేడి టీ చల్లార్చినట్టు ఊదాడు. ముల్లు సగం కూడా పోలేదు.

"గట్టిగా ఊదలేదేం?"

"రిహార్సలే గదమ్మా" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. యాదగిరి విప్పి చెప్పాడు. "ఫ్లోర్ల ఏదైనా మొదాల రిహార్సలే ఉంటదమ్మా. ఫైటింగైనా గంతే, డాన్సైనా గంతే. రిహార్సల్ల ఎవడన్న దమ్ము పెడ్తడా? కెమెరా తిప్పి టేక్ అంటె పెడ్తం. గీ సారు ఎన్నడు టేక్ చెప్పలే. రిహార్సల్ కాంగనె పొమ్మన్నడు."

"ఒక్కసారే ఊదించాడా?"

"అవునమ్మా. మేమనుకున్నం, టేక్ ఇంకోనాడు ఉంటదని."

ఆవిడ నావైపు చూసింది. నేను జోకు కోసం వెతుక్కున్నాను. మొదటిసారి దొరకలేదు.

తిట్టలేదు. "పెన్ను తియ్యి" అంది. "అన్నీ కొట్టెయ్. ఒకే గీత. పక్కన నీ సంతకం."

కింద కూర్చుని గీతలు గీశాను, సంతకాలు పెట్టాను. రెండో పేజీకి నా సంతకం నాకే నచ్చడం మానేసింది. నాలుగో పేజీలో అది ఎవరిదో తెలియడం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. నా తెలివితేటల్ని అంత శ్రద్ధగా చదివిన పాఠకులు ఆ తర్వాత నాకు దొరకలేదు.

ఆవిడ గొట్టం ఎత్తి పట్టుకుంది. "దీనికి రిహార్సల్ లేదు నాయనా. మూడూ టేకులే."

అప్పుడు ఊదారు. ముల్లు చివరి దాకా పోయి టప్‌మని కొట్టుకునేది. ఒకడి ఊపుకి గొట్టం నోటి దగ్గర పెట్టే అట్టముక్క ఎగిరి వెళ్ళి దేవతల మెట్ల మీద పడింది. వేసిన విస్తళ్ళు అలాగే ఉన్నాయి. నేను రాస్తున్నాను, ఆవిడ అంకె చెబుతోంది, ఒక్కొక్క అంకెకి నాకు కొంచెం కొంచెం గాలి అందుతోంది. ఒకటింబావుకి వరస అయిపోయింది.

అయిపోలేదు. యాదగిరి వెనక నిలబడి తాడు చుడుతున్నాడు. చుట్టిన తాడునే మళ్ళీ చుడుతున్నాడు.

"రా యాదగిరీ" అందావిడ.

ఊదాడు. మెడ నరాలు పొంగేలా ఊదాడు. ముల్లు కొంచెం కదిలి ఆగింది. రెండోసారీ అక్కడే. మూడోసారి ఊది, దగ్గి, స్తంభం పట్టుకున్నాడు. ముల్లు ఇంకా కిందే ఆగింది. అవి మూడూ టేకులే.

నా పక్కకి వంగి మెల్లిగా అన్నాడు. "సారూ, జర పైకి రాయి. నిన్నటిదాక నీ ఇష్టమున్నట్టు రాస్తివి గద. గియ్యాల నా కోసం రాయి. మా పోరి పదో తరగతిల ఉంది."

అడగడంలో తప్పేముంది? ఆ రిజిస్టరులో అబద్ధం రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పెన్ను ఆగింది. ఆవిడ వింది. నన్ను చూడకుండా, అతన్ని చూస్తూ అంది.

"రాసుకో అబ్బాయ్. నచ్చకపోయినా రాసుకో."

రాశాను. యాదగిరి ముఖం చూడలేదు.

ఆవిడ కొత్త కాగితం రాసింది. మొదటిది తప్పు, మా పొరపాటు, ఇది సరైనది: దాదాపు అందరి ఊపిరీ బాగుంది, ఒక్కరిది మాత్రం బాగా తక్కువ, పొగకి దారి కావాలి. ఆ ఒక్కరి మాట ఎందుకండీ, వదిలెయ్యచ్చు కదా అన్నాను. వినపడనట్టు కాగితం మడిచింది.

ఒకటిన్నరకి మేనేజరు వచ్చి చదివాడు. నవ్వు పోయింది.

"మొన్న అందరికీ లేని ఊపిరి ఇవాళ ఎక్కణ్ణించి వచ్చిందండీ? నేను పుస్తకం చూస్తేగాని నమ్మను. ఈ ఒక్కడు ఎవడు?"

"చెప్పనండీ."

"పైనించి పడితే ఎవరిది పూచీ?"

"పొగ వేసేవాళ్ళది."

అని చుట్టూ చూసి, దగ్గరలో ఉన్న మడత కుర్చీ లాక్కుని, దాని మీద రిజిస్టరు పెట్టి, రిజిస్టరు మీద కూర్చుంది. గొడుగు చేతికి తగిలించుకుంది. టిఫిన్ డబ్బా తీసింది.

అది హీరో గారి కుర్చీ. ఫ్లోరులో ఎన్ని కుర్చీలున్నా ఆయన కుర్చీ ఒకటే ఉంటుంది. ఆయన లేనప్పుడు దాని మీద తువ్వాలు కూడా ఆరేయరు. దర్శకుడు నిలబడతాడు గాని అందులో కూర్చోడు. ఆవిడకి ఆ సంగతి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

"మేడమ్ గారూ, ముందు లేవండి. ఆ కుర్చీ..."

"పుస్తకం అడగనంటే లేస్తాను."

మేనేజరు ఒక ఆడమనిషిని, అందులో లెక్చరర్ని, అందులో పెరుగన్నం తింటున్న మనిషిని లేవదీయలేడు. పుస్తకం వదులుకోనూ లేడు. గడియారం చూస్తాడు, తలుపు చూస్తాడు. ఒకటీ నలభై. ఆవిడ మాగాయ ముక్క నంజుకుంది. పొగ వేసేవాడు బొగ్గులు రాజేసి, వెయ్యాలా వద్దా అని నిలబడ్డాడు. యాదగిరి పైకి వెళ్ళలేదు, నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఒకడెవడో తుమ్మబోయి మానుకున్నాడు.

రెండుకి ఐదు నిమిషాలుందనగా కారు తలుపు చప్పుడైంది.

"దణ్ణం పెడతానండీ" అన్నాడు మేనేజరు.

హీరో వచ్చాడు. తల మీద కిరీటం, చేతిలో సిగరెట్టు. నాలుగడుగులు వేసి ఆగాడు. కుర్చీ చూశాడు. గొడుగు చూశాడు. డబ్బా చూశాడు.

"ఎవరు?"

"యూనివర్సిటీ నించి సార్... అదే, ఊపిరి..." మేనేజరుకే ఊపిరి అందలేదు.

"ఏవిటా గొట్టం?"

"మీరూ ఊదుతారా?" అందావిడ డబ్బా మూత పెడుతూ. "కూర్చోండి."

హీరో ఎక్కడ కూర్చోవాలా అని చూసుకున్నాడు. దగ్గరలో ఇంకేమీ లేక లైట్లు మోసే చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. ఆవిడ సగం లేచి, కింద ఉన్న రిజిస్టరు లాగి, ఒళ్ళో పెట్టుకుని తెరిచింది.

"పేరు?"

ఆ మనిషిని పేరు అడిగిన చివరివాడు బళ్ళో చేర్చుకున్న పంతులుగారై ఉంటాడు. ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నేల వైపు చూశాడు. అప్పుడు హీరో ఇంటిపేరుతో సహా, చేతులు కట్టుకున్న పిల్లవాడిలా పేరు చెప్పాడు.

"ఎన్నేళ్ళుగా పొగలో ఉంటున్నారు?"

ఆయన వేళ్ళ మధ్య సిగరెట్టు చూసుకున్నాడు. "ఏ పొగ?"

"రెండూ."

సిగరెట్టు పక్కన పడేసి గొట్టం తీసుకున్నాడు. "మూడూ టేకులే సార్" అన్నాను. ఊదాడు. ఆవిడ అరచేయి అడ్డంపెట్టి అంకెలు తనే రాసింది. ముల్లు ఎక్కడ ఆగిందో పక్కన కూర్చున్న నాకు కనిపించింది. చెప్పను. ఆవిడ దగ్గర పనిచేసినవాణ్ణి.

ఆయనకీ కనిపించింది. కిరీటం సర్దుకుని, గొంతు తగ్గించి, "ఇది బయటికి రాదు కదా?" అన్నాడు.

"ఎవరి పేరూ ఎక్కడికీ రాదు" అందావిడ.

ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "రాదు కదా?"

"ఎలా వస్తుంది సార్. ఆ పుస్తకం ఎవరూ ముట్టుకోరు సార్." అని, ఆవిడ వైపు వంగి, "మేడమ్ గారూ, దాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టుకోండి. ఎవరడిగినా ఇవ్వకండి. నేనడిగినా సరే."

"ఇందాకట్నించి నేను చెబుతున్నది అదే కదండీ" అని లేచి, కుర్చీని కొంగుతో తుడిచి, హీరో వైపు జరిపింది.

మద్రాసు మనుషులు మద్రాసులోనే ఉండిపోయారు. హీరో దర్శకుడితో పొగ కాస్త తగ్గించమన్నాడని, కొన్ని నెలలకి ఫ్లోరు గోడకి పెద్ద ఫ్యాను పెట్టారని తెలిసింది. నేనైతే పరిశోధన ఫలితమని పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. ఆవిడ రిపోర్టులో "ఫ్యాను అమర్చారు. కారణం తెలియదు" అని రాసింది. అదే రిపోర్టులో "మొదటి కొలతలు మా పొరపాటు వల్ల కొట్టివేశాం" అని ఒక వాక్యం ఉంది. అచ్చులో నా మొదటి రచన అది. 'మా' అన్నది ఆవిడ కలిపిన మాట.

కుర్చీ గొడవ అయిన సాయంత్రం చెక్‌పోస్టు దాకా దిగుతూ, "నన్ను తీసేస్తారా అండీ?" అని అడిగాను.

"రేపు ఎనిమిదింటికి రా" అంది. "ఎనిమిదీ అయిదుకి కాదు."

మర్నాడు ఎనిమిదింటికి మేము వెళ్ళింది ఫ్లోరుకి కాదు, ఛాతీ ఆసుపత్రికి. యాదగిరిని వరసలో నిలబెట్టి, అతని మీద గొడుగు పట్టుకుని తను ఎండలో నిలబడింది. అతను దారి పొడుగునా సణిగాడు. "నాకేం కాలేదమ్మా, ఫికర్ జెయ్యకు." ఆవిడ అది కూడా రాసుకుంది. మందులు మొదలుపెట్టాక, పైకెక్కడం మానతానని అతనే మేనేజరుని అడిగాడు, నిచ్చెనెక్కితే మోకాలు నొప్పని చెప్పి. అబద్ధమే. కానీ మోకాళ్ళు మా పరిశోధనలోకి రావు కనక ఆవిడ ఏమీ అనలేదు. కింద స్విచ్‌బోర్డు పని ఇచ్చారు. పోరి పదో తరగతి పాసైంది.

పోయిన నెల అతను ఈ కబురు చెప్పాక నేనూ ఒక చెక్కపెట్టె లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. సంతాపసభ పెట్టడానికి ఇద్దరమే ఉన్నాం, అందులో ఒకడు డ్యూటీలో ఉన్నాడు. అంతలో సెట్టులో షాట్ అయిపోయి "కట్" అని వినిపించింది. యాదగిరి లేచి ఆ పాత ఫ్యాను వేశాడు. పొగంతా మెల్లిగా గోడవైపు కదిలింది.

"నేను లేనప్పుడు ఎవ్వరు వెయ్యరు సారూ. స్విచ్ ఏదో ఎరుకలేదంటరు" అన్నాడు.

అందుకని రాస్తున్నాను. ఆ స్విచ్చి మేకప్ గది తలుపు వెనక బోర్డులో ఉంది, ఎడమ నుంచి మూడోది. కట్ అన్నాక వెయ్యాలి. రెండోది నీళ్ళ మోటారుది.